ఎన్.జి. రంగా జీవితకాలం (1900–1995): గుంటూరు–ప్రకాశం మైదానాల సమకాలీన చరిత్ర

ఆచార్య ఎన్.జి. రంగాగా ప్రసిద్ధులైన గోగినేని రంగనాయకులు రైతు ఉద్యమ నాయకుడు, అర్థశాస్త్ర అధ్యాపకుడు, పార్లమెంటేరియన్. 1900 నవంబరు 7న నిడుబ్రోలులో పుట్టి, 1995 జూన్ 9న మరణించారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి, కొన్ని విరామాలతో 1991 వరకు చట్టసభల్లో కొనసాగారు. ఈ సుదీర్ఘ సేవకు గిన్నిస్ గ్రంథంలో చోటు, 1991లో పద్మవిభూషణ్ దక్కాయి.

ఆయన పుట్టేనాటికి భారతీయుడి సగటు ఆయుర్దాయం పాతికేళ్ల లోపే. ఆయన బతికింది తొంభై నాలుగేళ్లు. వైస్రాయి కర్జన్ హయాంలో మొదలైన ఆ జీవితం ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడిన ఏడాదిలో ముగిసింది. ఈ మధ్యకాలంలో గుంటూరు–ప్రకాశం ప్రాంతపు రైతుకు, ప్రభుత్వానికి నడుమ తగాదా స్వరూపమే మారిపోయింది. తొలినాళ్లలో వివాదమంతా శిస్తు గురించి, అంటే ప్రభుత్వం రైతు దగ్గర ఎంత తీసుకుంటుందన్నది. చివరినాళ్లకు అది గిట్టుబాటు ధర గురించి, అంటే ప్రభుత్వం రైతుకు ఎంత ఇప్పిస్తుందన్నది. రంగా ఈ రెండు కాలాల్లోనూ పనిచేశారు. ఆయన పార్టీలు మారిన తీరును అర్థం చేసుకోవడానికి ఈ మార్పే ఆధారం.

కాలక్రమం

1900: జననం. నిడుబ్రోలు అప్పటికి కృష్ణా జిల్లాలో ఉంది.
1904: అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పాటు. రంగాకు నాలుగేళ్లు నిండలేదు.
1913: బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ. వయసు 12.
1921–22: చీరాల–పేరాల, పెదనందిపాడు ఉద్యమాలు. వయసు 20–21.
1930: ఉప్పు సత్యాగ్రహం, కేంద్ర శాసనసభకు ఎన్నిక. ఏడాది చివరికి వయసు 30.
1936: లక్నోలో అఖిల భారత కిసాన్ సభ స్థాపన. వయసు 35.
1946: రాజ్యాంగ సభ సభ్యత్వం. వయసు 46.
1953: ఆంధ్ర రాష్ట్రావతరణ. వయసు 52.
1959: కాంగ్రెస్‌కు రాజీనామా, స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షత. వయసు 58.
1967: నాగార్జునసాగర్ కాలువలకు నీటి విడుదల. వయసు 66.
1970: ఒంగోలు జిల్లా ఏర్పాటు, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్పు. 1970 ఆరంభంలో వయసు 69.
1980: గుంటూరు లోక్‌సభ స్థానం నుంచి ఎన్నిక. వయసు 79.
1991: పార్లమెంటు జీవితం ముగింపు. వయసు 90.
1995: మరణం.

పుట్టిననాటి నేల

పొన్నూరును ఆనుకుని ఉన్న నిడుబ్రోలు కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట నీటితో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో వరి మాగాణి విస్తరించింది. ఊరికి పడమరగా కొద్ది దూరం వెళితే పెదనందిపాడు, ప్రత్తిపాడు, పర్చూరు వైపు నల్లరేగడి మెట్ట మొదలవుతుంది. అక్కడ వాననే నమ్ముకుని జొన్న, వరిగ, ఆముదం, పత్తి, మిరప వేసేవారు. ఈ ప్రాంతపు ఎర్రచాయ పత్తి వ్యాపారులకు కోకనాడ పత్తిగా తెలుసు. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు పరిసరాలను తుడిచిపెట్టిన కథలు అప్పటి పెద్దల నోట ఇంకా వినిపిస్తుండేవి. మద్రాసు–బెజవాడ రైలు మార్గం పంతొమ్మిదో శతాబ్దం ముగిసేవేళకు నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా పూర్తయింది. దాంతో ఈ నేలమీద పండిన సరుకుకు రేవుల దారి, రేవులు దాటి వచ్చే ధరల హెచ్చుతగ్గులకు ఇక్కడి కల్లాల దారి తెరుచుకున్నాయి.

రైత్వారీ గ్రామాల్లో శిస్తు నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. ఊళ్లో ఆ లెక్క రాసేది కరణం, వసూలు చేసేది మునసబు. ఏటా జమాబందీ జరిగేది. కొన్ని దశాబ్దాలకొకసారి రివిజన్ సెటిల్‌మెంటు పేరుతో రేట్లు పెరిగేవి. పంట పండినా ఎండినా శిస్తు గడువు ఆగేది కాదు. జమీందారీ గ్రామాల్లో ఇది ఇంకా కఠినం. రంగా తరం రైతుబిడ్డలకు ప్రభుత్వమంటే మొదట తెలిసిన ముఖం ఇదే.

చదువు, తొలి ఉద్యమాలు

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివాక రంగా ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా పొందారు. ఆయన చదువుకుంటున్న కాలంలోనే సొంత ప్రాంతం ఉద్యమాలతో అట్టుడికింది. మునిసిపాలిటీ పన్నుల భారాన్ని నిరసిస్తూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు ఊళ్లు ఖాళీచేసి బయట రామనగరం కట్టుకున్నారు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టబోమని తేల్చిచెప్పారు. పల్నాడులో అడవి పుల్లరిని (మేత పన్నును) ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యారు. ఈ మూడు ఉద్యమాలకూ మూలం ఒక్కటే: పన్ను. చౌరీచౌరా ఘటన తర్వాత గాంధీ సహాయ నిరాకరణను నిలిపివేసిన ఏడాది ముగిసేలోగా అవి చల్లారాయి. అయితే ఒక ఫిర్కా రైతులు కలిసి నిలబడితే కలెక్టరు కచేరీ సైతం ఇరుకున పడుతుందన్న అనుభవం మిగిలింది.

రంగా 1923లో నిడుబ్రోలులోని తమ కుటుంబపు మంచినీటి బావిని దళితులకు తెరిచారు. డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిగతులపై పరిశీలన జరిపి, 1926లో పుస్తకంగా వెలువరించారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. పేరుకు ముందు స్థిరపడిన ‘ఆచార్య’ ఆ ఉద్యోగం నుంచి వచ్చినదే. అస్పృశ్యత ఇతివృత్తంగా ‘హరిజన నాయకుడు’ అనే నవల కూడా రాశారు.

మాంద్యం, రైతు సంఘం

1928లో ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం ఏర్పడింది. అదే ఏడాది గుజరాత్‌లోని బార్డోలీలో వల్లభ్‌భాయ్ పటేల్ నడిపిన శిస్తు నిరాకరణ గెలిచింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రివిజన్ సెటిల్‌మెంటు పేరుతో శిస్తు పెంచేందుకు మద్రాసు ప్రభుత్వం సిద్ధమైన సమయమది. ఆ వెంటనే 1929లో అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలి ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలైంది. కొద్ది కాలంలోనే వడ్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయల్లో స్థిరంగా ఉండటంతో అదే శిస్తు కట్టడానికి రైతు అంతకు రెట్టింపు ధాన్యం అమ్మాల్సి వచ్చింది. అప్పు ఇచ్చిన షావుకార్ల చేతికి భూములు వెళ్లసాగాయి.

రంగా రాజకీయ ప్రవేశం ఈ సందర్భంలోనే జరిగింది. 1930లో గాంధీ పిలుపుతో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చి, అదే ఏడాది కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఒకవైపు సభలో ప్రశ్నలు, మరోవైపు ఊళ్లలో సభలు అన్న పద్ధతి అప్పుడు మొదలై అరవై ఏళ్లు సాగింది. 1933 నాటి రైతు ఆందోళనకు ఆయనే నాయకుడు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటానికీ అండగా నిలిచారు. నిడుబ్రోలులో ‘రామానీడు’ పేరిట రైతాంగ విద్యాలయం నెలకొల్పి, రైతు కార్యకర్తలకు అర్థశాస్త్రం, చట్టాలు, ఉపన్యాస కళ నేర్పించారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన గౌతు లచ్చన్న అక్కడ తర్ఫీదు పొంది, రంగాకు ముఖ్య అనుచరుడయ్యారు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది. బీహారుకు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఏర్పడి, ఒంగోలు ప్రాంతంవాడైన టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ భూములపై ఆయన అధ్యక్షతన నియమించిన సంఘం రైతుల పక్షాన నివేదిక ఇచ్చింది. 1938లో రైతు రుణ విమోచన చట్టం వచ్చింది. జమీందారీల రద్దుకు మాత్రం 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

కిసాన్ సభలో కమ్యూనిస్టుల పట్టు పెరిగే కొద్దీ రంగా దూరమయ్యారు. విభేదం భూమి హక్కు దగ్గర వచ్చింది. కమ్యూనిస్టుల దృష్టిలో గ్రామం వర్గాలుగా చీలి ఉంది: భూస్వామి, ధనిక రైతు, పేదరైతు, కూలీ. రంగా దృష్టిలో సొంత భూమిని సొంత కుటుంబంతో దున్నుకునే రైతు ఒక పక్షం, అతన్ని పిండే ప్రభుత్వం, జమీందారు, షావుకారు మరో పక్షం. కూలీ కూడా రైతు పక్షమే అన్నది ఆయన ‘రైతు–కూలీ రాజ్యం’ భావన. దీనిపై గాంధీతో జరిపిన చర్చలను పుస్తకంగా ప్రచురించారు.

రాజ్యాంగ సభ, రాష్ట్రావతరణ

యుద్ధకాలంలో జైలు జీవితం గడిపిన రంగా 1946లో రాజ్యాంగ సభలో సభ్యుడయ్యారు. లక్ష్యాల తీర్మానంపై ఆ డిసెంబరులో జరిగిన చర్చలో, దేశంలోని అసలైన అల్పసంఖ్యాకులు అణగారిన సామాన్య జనమేనని వాదించారు. అదే ఏడాది కోపెన్‌హేగన్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సమావేశంలో పాల్గొన్నారు.

ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న ఆయన 1951లో ఆ పదవికి జరిగిన ఎన్నికలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. వెంటనే పార్టీ వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. దాదాపు అదే సమయంలో ప్రకాశం కూడా కాంగ్రెస్‌కు దూరమయ్యారు. ఒకే మైదానానికి చెందిన ఇద్దరు పెద్దలు పార్టీని వీడటంతో 1952 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆంధ్ర జిల్లాల్లో గట్టి దెబ్బతిన్నది, కమ్యూనిస్టులు బలపడ్డారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. 1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు కలిసి పోటీచేసి 196 స్థానాల శాసనసభలో 146 గెలిచాయి. ఇందులో కృషికార్ లోక్ పార్టీ వాటా 22. కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరి, 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు.

స్వతంత్ర పార్టీ దశాబ్దం

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార సమష్టి సేద్యాన్ని లక్ష్యంగా ప్రకటించింది. సోవియట్ యూనియన్‌లో 1930ల్లో, చైనాలో 1958 నుంచి కమ్యూన్ల పేరిట జరిగిన సమష్టీకరణ రంగా దృష్టిలో ఉంది. రైతు చేతిలో పొలం పోతే గౌరవం పోతుందన్నది ఆయన వాదన. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి పదవికి, పార్టీకి రాజీనామా చేశారు. రాజాజీ ప్రేరణతో అదే ఏడాది ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఆ పార్టీ సిద్ధాంతకర్తల్లో బొంబాయికి చెందిన మీనూ మసానీ ప్రముఖుడు.

బొంబాయి పారిశ్రామికవేత్తలు, మాజీ సంస్థానాధీశులు, గుంటూరు జిల్లా మోతుబరి రైతులు ఒకే పార్టీలో చేరడం చాలామందికి వింతగా తోచింది. జమీందార్ల మీద పోరాడిన మనిషి రాజుల పక్కన కూర్చున్నాడని కమ్యూనిస్టులు ఎద్దేవా చేశారు. రంగా దృష్టిలో జమీందారు పోయాక రైతు భూమికి ఎదురైన ముప్పు ప్రభుత్వమే. 1964లో భూసంస్కరణల చట్టాలకు రక్షణ కల్పించిన 17వ రాజ్యాంగ సవరణను లోక్‌సభలో ఆయన పార్టీ తీవ్రంగా వ్యతిరేకించింది. స్వతంత్ర పార్టీ 1962లో 18, 1967లో 44 లోక్‌సభ స్థానాలు గెలిచి, రెండోసారి ప్రతిపక్షాల్లో అతిపెద్దదిగా నిలిచింది. రంగా సొంత గడ్డ తెనాలిని దాటి, 1962లో చిత్తూరు ఉప ఎన్నికలో, 1967లో శ్రీకాకుళంలో గెలిచారు. 1971లో ఇందిరా ప్రభంజనంలో ఓడిపోయారు. 1970ల ఆరంభంలో మళ్లీ కాంగ్రెస్‌లో చేరారు. ఆయన అంతకుముందు ఎదిరించిన భూపరిమితి చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1973లో తెచ్చింది ఆ పార్టీ ప్రభుత్వమే.

సాగర్ నీరు, కొత్త పంటలు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. జవహర్ కుడి కాలువ నీరు పల్నాడు, నరసరావుపేట మీదుగా ప్రకాశం మెట్ట ప్రాంతాల దాకా పారింది. డెల్టా మాగాణికి నూరేళ్ల కిందట వచ్చిన మార్పు మెట్టకు ఇప్పుడొచ్చింది. ఆ నీటితోపాటు సంకరజాతి, పొడవు పింజ పత్తి రకాలు, మిరప, పొగాకు విస్తరించాయి. 1922లో మొదలైన గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం మిరప, పత్తి రకాలను తయారుచేసి రైతులకు అందించింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. మిరప టిక్కీలతో నిండే గుంటూరు మార్కెట్ యార్డు ఆసియాలోనే అతిపెద్ద మిర్చి మార్కెట్‌గా ఎదిగింది.

ఇక్కడే రైతు తగాదా స్వరూపం మారింది. ఆహారధాన్యాల కోసం 1965లో వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థ, పత్తి కోసం 1970లో భారత పత్తి సంస్థ వచ్చాయి. ఇప్పుడు రైతు ఖర్చులో పెద్ద పద్దులు విత్తనం, ఎరువు, పురుగుమందు, కౌలు. శిస్తు ఆ జాబితాలో కిందికి జారింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసింది. రంగా చిన్ననాట రైతును భయపెట్టిన వ్యవస్థ అలా కనుమరుగైంది. దాని స్థానంలోకి ఎరువుల, పురుగుమందుల దుకాణం అరువు, కమీషన్ ఏజెంటు అడ్వాన్సు, యార్డులో రోజువారీ ధర వచ్చాయి.

1980ల మధ్యలో పత్తికి పైరెత్రాయిడ్ మందుల వాడకం విపరీతమై తెల్లదోమ వాటిని తట్టుకునే స్థాయికి చేరింది. మందు కొట్టేకొద్దీ పురుగును తినే మిత్రకీటకాలు చచ్చి, దోమ మిగిలింది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి నాశనమై, అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. చనిపోయినవారిలో కౌలుకు పొలం తీసుకున్నవారు ఎక్కువ. సొంత భూమి ఉన్న రైతునే కేంద్రంగా చూసిన రంగా సిద్ధాంతంలో కౌలురైతుకు గట్టి చోటు లేదు. అప్పటికి ఆయన గుంటూరు లోక్‌సభ సభ్యుడు, వయసు 86–87.

చివరి దశాబ్దం

1980లో ఆయన గుంటూరు నుంచి గెలిచారు. 1984లో తెలుగుదేశం గాలికి ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఆరు లోక్‌సభ స్థానాలే మిగిలాయి. అందులో గుంటూరు ఒకటి. 1989లో మళ్లీ గెలిచారు. 1991లో ఆ స్థానం తెలుగుదేశం అభ్యర్థి ఎస్.ఎం. లాల్‌జాన్ బాషాకు దక్కింది.

ఇదే కాలంలో ఈ మైదానాల్లో రెండు ఘోరాలు జరిగాయి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితులను హతమార్చారు. రెండూ సాగునీటితో, వాణిజ్య పంటలతో సంపన్నమైన ఊళ్లు. రెండుచోట్లా దాడికి దిగినవారు భూమి ఉన్న ఆధిపత్య కులాలవారు, బాధితుల్లో అధికులు వ్యవసాయ కూలీలు. 1923లో బావి తెరిచి మొదలుపెట్టిన ప్రయత్నం, రైతూ కూలీ ఒకే పక్షమన్న నమ్మకం ఈ ఊళ్ల దాకా రాలేదని ఆ ఘటనలు తేల్చాయి. దళిత ఉద్యమం ఆ తర్వాత రైతు సంఘాల నీడలో నిలవక, సొంత సంస్థలతో ఎదిగింది.

1991లోనే ఆర్థిక సరళీకరణ మొదలైంది. ప్రభుత్వ లైసెన్సులకు వ్యతిరేకంగా స్వతంత్ర పార్టీ 1960ల్లో చేసిన వాదనలు చాలావరకు ఈ కొత్త విధానంలో చేరాయి. 1994లో మరాకేష్‌లో గాట్ ఒప్పందం కుదిరింది, 1995 జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. మార్కెట్ స్వేచ్ఛ కోరిన తరం గెలిచిన వేళకే, గుంటూరు యార్డులో మిరప ధరను దూరదేశాల కొనుగోళ్లు నిర్ణయించే పరిస్థితి మొదలైంది.

మరణానంతర స్మృతి

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014 రాష్ట్ర విభజన తర్వాత దాని ప్రధాన కేంద్రం గుంటూరు సమీపంలోని లాంకు మారింది. 2001లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఈ మైదానం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మధ్య పంచబడింది. నిడుబ్రోలు గుంటూరు జిల్లాలోనే ఉంది.

అంచనా

కాంగ్రెస్, కిసాన్ సభ, కృషికార్ లోక్, మళ్లీ కాంగ్రెస్, స్వతంత్ర, మళ్లీ కాంగ్రెస్: జాబితా చూస్తే రంగా నిలకడలేని నాయకుడిగా కనిపిస్తారు. ఆ జాబితాను జరిగిన సంఘటనల పక్కన పెట్టి చూస్తే ఆయన దగ్గర మారనిది ఒకటుంది: సొంత భూమి దున్నే రైతు కుటుంబమే గ్రామానికి ఆధారం, దాని భూమి జోలికి ఎవరొచ్చినా ఎదిరించాలి. అలా వచ్చినవారిలో మొదట బ్రిటిష్ రెవెన్యూ అధికారి, తర్వాత జమీందారు, షావుకారు, చివరికి స్వతంత్ర భారత ప్రభుత్వం ఉన్నారు.

ఈ సూత్రం శిస్తు కాలానికి సరిగ్గా సరిపోయింది. అప్పుడు సమస్య, రైతు చేతిలోని భూమిని కాపాడటం. ధర కాలానికి అది చాలలేదు. భూమి పదిలంగా ఉండి కూడా పెట్టుబడి అప్పుతో రైతు మునగవచ్చని తెల్లదోమ ఏడాది చూపింది. భూమే లేని కౌలుదారు, కూలీ ఈ సూత్రంలో ఎక్కడ నిలబడతారన్న ప్రశ్నకు ఆయన తరం జవాబు చెప్పలేదు. ఇప్పటికీ రైతు సంఘాల కోరికల్లో మద్దతు ధరకు చట్టబద్ధత, కౌలురైతు గుర్తింపు ముందుంటాయి. వీటిలో మొదటిది రంగా వారసత్వానికి కొనసాగింపు. రెండోది ఆ వారసత్వం వదిలేసిన ఖాళీని పూరించే ప్రయత్నం.